తలమార్పు బావలు

దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయిన ఏడు, తొమ్మిది సీమల పెద్దమనుషులూ ఒక హాల్లో చేరి, అందరం కలిసి ఒకటే దేశమైపోదామని మూడు రోజులు మాట్లాడుకున్నారట. మొదటి రోజు కౌగిలింతలయ్యాయి. రెండో రోజు జెండా రంగులు కుదిరాయి. మూడో రోజు రాజధాని ఎవరి ఊళ్ళో ఉండాలన్న మాట వచ్చింది. ఆ సాయంత్రానికి తొమ్మిది మందీ తొమ్మిది రైళ్ళెక్కి ఎవరింటికి వాళ్ళు పోయారు. ఒక్క దేశం కావలసింది తొమ్మిదయింది. చరిత్ర పుస్తకాల్లో దీనికి చాలా కారణాలు రాస్తారు. స్టేషన్ కూలీలు మాత్రం ఆ రోజు భోజనం ఆలస్యమైందనీ, ఆకలి మీద ఎవడి మాటా ఎవడికీ ఎక్కలేదనీ చెప్పుకుంటారు.

అప్పటికి మన కూలీ నిటారు పుట్టలేదు. కానీ ఆ రోజు ఆ హాల్లో ఎవరో ఒకరు కాస్త సర్దుకుపోయి ఉంటే అతనికి ఉద్యోగమే ఉండేది కాదు.

ఎందుకంటే, ఒక్కో సీమను ఒక్కో దొరల కంపెనీ ఏలింది. ఒక్కో కంపెనీ తనకు తోచిన కొలతలో పట్టాలు వేసుకుంది. నిటారు వాళ్ళ వైపు పట్టాలు వెడల్పు, అవతలి దేశం వైపు పట్టాలు ఇరుకు. ఇక్కడి రైలు అక్కడికి పోదు, అక్కడి రైలు ఇక్కడికి రాదు. రెండూ వచ్చి ఒకే ప్లాట్‌ఫారానికి చెరో పక్కన ఆగుతాయి, మాటల్లేని తోడికోడళ్ళలా. ప్లాట్‌ఫారం మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి పసుపు గీత. గీతకు ఇటు ఒక దేశం, అటు ఒక దేశం.

సరుకు ఈ రైల్లోంచి ఆ రైల్లోకి మారాలి. రెండు దేశాల ఒప్పందం ఏమంటుందంటే, ప్లాట్‌ఫారం నేలను తాకకుండా వెళ్ళే సరుకు దారిన పోయే సరుకు, దానికి సుంకం లేదు. నేలను తాకిందో, అది దేశంలోకి దిగినట్టే. ఇక కాగితాలు, ముద్రలు, సంతకాలు, వారం రోజులు. మొదట్లో తోపుడు బండ్లు పెట్టారట. బండి చక్రం నేలను తాకుతోంది కాబట్టి బండిలో సరుకూ తాకినట్టేనని అవతలివాళ్ళ వకీలు అడ్డం పడ్డాడు. మరి కూలీ కాళ్ళు నేలను తాకవా అని ఎవరూ అడగలేదు. కూలీ బండి కాదు కదా అనుకున్నారు కాబోలు. చివరికి మనిషి తల ఒక్కటే రెండు ప్రభుత్వాలకూ సమ్మతమైన వాహనంగా మిగిలింది.

పని ఇలా జరుగుతుంది. ఇవతలి కూలీ రైలుపెట్టెలోంచి బస్తా తలకెత్తుకుని పది అడుగులు నడిచి గీత దగ్గరికి వస్తాడు. అవతలి కూలీ కాలివేళ్ళు గీతకు ఆనించి ఎదురుగా నిలబడి ఉంటాడు. ఇద్దరూ నుదుళ్ళు తాకేంత దగ్గరగా వస్తారు. అవతలివాడు మోకాళ్ళు కాస్త వంచి, తల బస్తా కిందికి దూరుస్తాడు. ఇవతలివాడు "ఊ" అంటాడు. అవతలివాడు "హా" అని లేస్తాడు. ఆ రెండు కూతల మధ్య బస్తా తల మారిపోతుంది. దీన్నే తలమార్పు అంటారు. చెబితే నాలుగు ముక్కలే గానీ, కొత్తవాళ్ళు రెండు వారాలు మెడ తిప్పలేక, ఎవరు పిలిచినా మనిషి మొత్తం తిరిగి పలుకుతుంటారు.

ఇది జోడీ ఉద్యోగం. ఇటొకడు, అటొకడు, ఇద్దరి ఎత్తూ సమానంగా ఉండాలి. లేకపోతే బస్తా వాలుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే నంబరు, ఇత్తడి బిళ్ళ మీద కొట్టి చెరొకటి ఇస్తారు. జోడీలో ఒకడు పనికిరాడని తేలితే రెండోవాడి బిళ్ళా పోతుంది. ముప్పై ఏళ్ళు నిండితే ఇద్దరికీ పింఛను. ఒక్క రోజు తక్కువైనా చేతికి వచ్చేది పాత చుట్టకుదురు, తల మీద బరువుకింద పెట్టుకునే గుడ్డ చుట్ట.

నిటారుకు ఇరవై నాలుగేళ్ళప్పుడు గీత మీద నిలబెట్టి కర్రతో కొలిచారు. ఎదురుగా అంతే ఎత్తున ఒక నల్లటి, గుండ్రటి మొహం నవ్వుతూ కనిపించింది. "ఏం బావా, ఇక నీ తలా నా తలా ఒకటే" అంది ఆ మొహం. ఆ రోజు నుంచీ అతను బావే. రక్తం చుట్టరికం లేదు, ఇంటి చుట్టరికం అసలే లేదు. ఒకరి ఇల్లు ఒకరు చూడలేదు. వీసా అంటే ఎనిమిది నెలల తతంగం. అది పెట్టుకునేది పెళ్ళిళ్ళకో, చావులకో.

నిటారు అసలు పేరు బిళ్ళ మీద ఉంది, కానీ దాన్ని ఎవరూ చదవరు. నెత్తిన బరువు ఉన్నా లేకపోయినా అతను గీసిన గీతలా నడుస్తాడు. సైకిల్ షాపు మీద రెండు గదుల ఇల్లు, దాని గుమ్మం ఇతని ఎత్తుకు రెండంగుళాలు తక్కువ. ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మానికి నుదురు కొట్టుకుంటున్నాడు గానీ వంగడు. ఇల్లాలు చూసి చూసి గుమ్మం పైకమ్మికి పాత దుప్పటి ముక్క మడిచి మేకులు కొట్టింది. "నీకు చెప్పేకన్నా కర్రకి చెప్పుకోవడం నయం" అంది.

తలమార్పు బావల మాటలు కూడా వేరే రకం. ఎదురెదురుగా ఉండేది ఒక్క క్షణం. ఒక్కో బస్తాకి ఒక్కో మాట. మిగతాది మళ్ళీ బస్తాకి. బావ తన పెద్దమ్మాయి పెళ్ళి కబురు చెప్పడానికి ఒక పూటంతా పట్టింది.

"పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది బావా. ఊ?"

"హా" అని బస్తా మోసుకెళ్ళిపోయాడు నిటారు. అవి అటునుంచి ఇటు వచ్చే సరుకు రోజులు. బస్తా పెట్టెలో పడేసి తిరిగొచ్చాడు.

"కుర్రాడు ఏం చేస్తాడు? హా."

మళ్ళీ పది అడుగులు అటు, పది అడుగులు ఇటు.

"బస్సు కండక్టరు. ఊ?"

"చిల్లర ఇస్తాడా? హా."

ఆ బస్తాతో వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా బావ గీత దగ్గర ఒక్కడే నిలబడి నవ్వుతూ ఉన్నాడు. పక్క జోడీవాళ్ళు "వీడికి ఎండ కొట్టిందా?" అనుకున్నారు.

ఇలా ఇరవై ఎనిమిదేళ్ళ పదినెలలు గడిచాయి. అంటే ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా, ఒక సోమవారం పొద్దున, నిటారు "ఊ" అన్నాడు, "హా" రాలేదు. వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. అర క్షణమే. పక్కనున్న ఎవరికీ తెలియదు. నిటారు మెడకు మాత్రం తెలిసింది. రోజూ తలుపు తట్టగానే తీసే ఇంట్లో, ఇవాళ ఎవరో లోపల ఆలోచించి తీసినట్టు.

"నిద్రపోతున్నావా బావా?" అన్నాడు తరవాతి బస్తాకి.

"నడుం" అన్నాడు బావ.

"ఏమైంది?"

"మనవరాలిని ఎత్తుకున్నా."

"ఎంతుంటుందేం?"

"పదకొండు కిలోలు."

నిటారు రైలుపెట్టె దాకా నవ్వుకుంటూ నడిచాడు. ఇరవై ఎనిమిదేళ్ళు యాభై కిలోల బస్తాలు మోసినవాణ్ణి చంటిపిల్ల పడగొట్టిందట! పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మూడు వారాల్లో జోడీ పరీక్ష ఉంది. ఏడాదికోసారి రెండు దేశాల కస్టమ్స్ అధికార్లూ వచ్చి గీత పక్కన నిలబడి ప్రతి జోడీ చేతా మూడు బస్తాలు తలమార్పు చేయిస్తారు. ముందే బిళ్ళలు విప్పించి బల్ల మీద పెట్టుకుంటారు, ఒక్కటి తేడా వచ్చినా తిరిగి ఇవ్వరు.

ఆ పూటంతా నిటారు బస్తాకో ప్రశ్న వేశాడు.

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే రాస్తాడు."

"రాస్తే?"

"బిళ్ళ పోతుంది. నాదీ, నీదీ."

"నా సంగతి వదిలెయ్."

ఆ మాటకి బావకి కోపం వచ్చింది. బస్తా ఇంకా ఇద్దరి తలల మీదా ఉండగానే, "నీ సంగతంటూ వేరే ఎలా ఉంటుంది, నంబరు ఒకటే కదరా!" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అతను 'రా' అనడం అదే మొదటిసారి. తరవాత నాలుగు బస్తాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయిదో బస్తాకి "టీ తాగావా?" అన్నాడు బావ.

ఇంటికి వెళ్ళి ఇల్లాలికి చెప్పాడు. ఆమె స్టేషన్లో సగం మందికి చుట్టకుదుర్లు కుట్టి ఇస్తుంది. కుట్టు మిషను ఆపకుండానే వింది.

"ఆయన దేశం వేరు, ఆయన నడుం వేరు. నువ్వెందుకు మూలుగుతున్నావ్?"

"నేనెక్కడ మూలిగాను?"

"గుమ్మంలోంచి వస్తూ తల కొట్టుకోలేదు. వంగొచ్చావ్. ఇంతకన్నా ఏం కావాలి?"

నిటారు గుమ్మం వంక చూశాడు. నిజమే. ఆమె మిషను ఆపింది.

"ఆయన నడుం చుట్టుకొలత ఎంతుంటుంది?"

"నాకేం తెలుసు? మేం తలలు కలుపుతాం గానీ నడుములు కాదు."

"కళ్ళున్నాయిగా మొహానికి! నీకన్నా లావా, సన్నమా?"

"లావు. బాగా లావు."

పాత క్యాన్వాసు సంచి చింపి, మధ్యలో నాలుగు పలచటి చెక్క బద్దలు పెట్టి, రెండు పూటల్లో నడికట్టు కుట్టింది. మర్నాడు అది వీసా లేని ప్రయాణం చేసింది. బస్తా కింద, చుట్టకుదురు మీద పెట్టుకుని నిటారు గీత దాకా మోశాడు. "ఊ" అన్నాడు. బస్తాతో పాటు నడికట్టూ తల మారి అవతలి దేశానికి పోయింది. నేలను తాకలేదు కాబట్టి సుంకం లేదు. మధ్యాహ్నానికి బావ చొక్కా కింద అది కట్టుకుని బొమ్మలా బిగుసుకుని వచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మకి చెప్పు, ఊపిరి ఆడట్లేదు గానీ నడుం ఆడుతోందని."

ఆ మూడు వారాలూ నిటారు చేయని దొంగపని లేదు. పెట్టెలో సరుకు అందించేవాళ్ళని బతిమాలి తేలిక బస్తాలు తన వంతుకు తెప్పించుకున్నాడు. బావ లేచేదాకా మెడతో బరువు పట్టి ఉంచాడు. అటునుంచి వచ్చే సరుకైతే గీత మీదికి ఎంత వంగవచ్చో అంత వంగాడు, కాలు మాత్రం దాటించకుండా. "నిటారుగాడు వంగుతున్నాడ్రోయ్" అని ప్లాట్‌ఫారం అంతా పొక్కింది. వయసు మీద పడిందనుకున్నారు. అననీ అనుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున పది గంటలకి రెండు వైపులా బల్లలు వేశారు. ఇటు కస్టమ్స్ సారు, పెద్ద మనిషి, బారెడు పొట్ట, ఏడాది పొడుగునా జలుబు. అటు మేడమ్, చిన్న వయసు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఆవిడ నిబంధనల పుస్తకంలో రంగురంగుల కాగితం ముక్కలు దువ్వెన పళ్ళలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పుస్తకం పూర్తిగా చదివిన అధికారి ఆ స్టేషన్ కి రావడం అదే మొదలు. పాత కూలీలకు ఆమెను చూస్తే అందుకే వణుకు.

"మూడు పిండి బస్తాలు. ఒక్కోటి యాభై కిలోలు" అని చదివింది మేడమ్. "బరువు నేలను తాకకూడదు. గీత దగ్గరికి వచ్చిన బరువు వెనక్కి పోకూడదు. జోడీలో ఇద్దరి తలలూ దాన్ని మోయాలి. అర్థమైందా?"

"ముప్పై ఏళ్ళ నుంచి అర్థమవుతూనే ఉందమ్మా" అన్నాడు బావ.

"ఇరవై తొమ్మిది కూడా నిండలేదు" అంది ఆవిడ కాగితం చూసి.

మొదటి బస్తా మారింది. "హా" కాస్త గట్టిగా వచ్చింది. నడికట్టు చెక్కబద్ద ఒకటి టక్కుమన్న చప్పుడు నిటారుకు వినిపించింది. రెండో బస్తా మారింది. బావ దాన్ని పెట్టె దాకా మోసుకెళ్ళి తిరిగి వస్తుంటే మొహం తడిసి ముద్దయింది. "ఒక్కటే బావా, ఒక్కటే" అన్నాడు నిటారు గీత ఇవతల నుంచి, పెదాలు కదపకుండా.

మూడోది. నుదుళ్ళు కలిశాయి. బావ మోకాళ్ళు వంచి తల దూర్చాడు. నిటారు "ఊ" అన్నాడు.

ఏమీ రాలేదు.

"ఊ" అన్నాడు మళ్ళీ.

"రావట్లేదు బావా" అన్నాడు బావ, చెవిలో చెప్పినంత చిన్నగా. "మోకాళ్ళు వంగాయి. లేవట్లేదు."

వెనక్కి వెళితే పోయింది. కింద పడితే పోయింది. నిటారు మెడ మీద బస్తా మెల్లగా వెనక్కి వాలుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళ పదకొండు నెలలు అతని కాళ్ళు గీత కనబడగానే వాటంతటవే ఆగిపోయేవి. ఆ రోజు ఆగలేదు. బస్తాని తన తల మీదికి పూర్తిగా లాక్కుని, కాలెత్తి గీత అవతల వేశాడు. రెండో కాలు కూడా వేశాడు. కూలబడ్డ బావ పక్కగా పది అడుగులు నిటారుగా నడిచి, అవతలి రైలుపెట్టె తలుపు ముందు ఆగాడు.

ప్లాట్‌ఫారం మొత్తం పనులాపి అటే తిరిగింది.

"పట్టుకోండి" అన్నాడు నిటారు పెట్టెలో ఉన్నవాళ్ళతో.

పెట్టెలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "విదేశీ తల మీంచి సరుకు దించుకునే అధికారం మాకు లేదండీ" అన్నాడు వాళ్ళలో ఒకడు, మర్యాదగానే.

"అయితే కింద దింపనా?"

"దింపకు!" అని అరిచింది మేడమ్ పరిగెత్తుకొస్తూ. "దింపితే అది దొంగ దిగుమతి!"

"వెనక్కి తీసుకుపోనా?"

"వెళ్ళకు! వెళితే మా దేశంలోంచి ఎగుమతి! దానికి కాగితం ఏది?"

"మరేం చేయను మేడమ్?"

"నిలబడు!"

నిలబడ్డాడు. నిలబడటం అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ బరువుతో నడవడం వేరు, నిలబడటం వేరు. నడిచేటప్పుడు బరువు కాళ్ళలోకి పోతుంది, ఆగితే మెడలోనే కాపురం పెడుతుంది. పైగా బస్తా కుట్టు ఎక్కడో వదులైంది. సన్నగా పిండి రాలుతోంది. ముందు కనుబొమలు తెల్లబడ్డాయి, తరవాత మీసం.

"సార్!" అని గీత ఇవతలికి కేకేసింది మేడమ్. "మీ మనిషి మా దేశంలోకి వచ్చాడు!"

ఇవతలి సారు గీత దాకా వచ్చి ఆగి ముక్కు చీదుకున్నాడు. "మా మనిషైతే వెనక్కి పంపేయండి."

"సరుకుతోనా, సరుకు లేకుండానా?"

"సరుకు ఇటు వైపు రికార్డులో వెళ్ళిపోయింది. అది మాది కాదు."

"మాకు రాలేదు. గీత మీద ఇచ్చినవాడు ఉన్నాడు, పుచ్చుకున్నవాడు లేడు!"

"పుచ్చుకోవలసినవాడు మీవాడు. కింద కూర్చున్నాడు చూడండి, అదుగో."

"సార్, పిండి రాలుతోంది" అన్నాడు ఒక కూలీ.

మేడమ్ వంగి నేల చూసింది. "రాలినంత మేరకు దిగుమతే. ఎవరూ ఊదకండి!"

ఇటువైపు కూలీలకు నవ్వు ఆగట్లేదు. ఈలోగా ఎవరు కబురు పెట్టారో, నిటారు ఇల్లాలు చేతిలో కత్తెరతో సహా ప్లాట్‌ఫారం కంచె దగ్గరికి వచ్చేసింది. మొగుడు ఇంకో దేశంలో తెల్లమీసంతో నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా! పాలప్యాకెట్టు తెమ్మంటే సందు చివరికి పోనివాడివి, అక్కడ నీకేం పని?"

"మాట్లాడించకు, మెడ కదులుద్ది!"

"కదలనీ! ఒక్కసారైనా కదలనీ!"

అప్పుడు వినిపించింది బావ గొంతు. అతను గీత పక్కన రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి, లేవలేక, అలాగే ఉన్నాడు. ఆ భంగిమలోనే తల పైకెత్తి మాట్లాడాడు.

"మేడమ్, ఒక సందేహం. కోడిగుడ్లు వస్తాయి చూడండి, ఆ బుట్టలకి ఏం కాగితం రాస్తారు?"

"ఇప్పుడు కోడిగుడ్లేంటి?"

"చెప్పండి మేడమ్."

ఆవిడకి నిబంధన అడిగితే చెప్పకుండా ఉండటం చేతకాదు. "ఆకుపచ్చ కాగితం. తిరిగి వెళ్ళే కట్టుబడి సామాను. సరుకు దించాక అదే రోజు వెనక్కి పోవాలి. సుంకం లేదు."

"కట్టుబడి సామానంటే?"

"సరుకు దెబ్బతినకుండా దానికి కిందా చుట్టూ ఉండేది."

"బస్తా కింద చుట్టకుదురు ఉంది. అది కట్టుబడేనా?"

"ఆ... అవును."

"చుట్టకుదురు కింద మా బావ ఉన్నాడు. కట్టుబడి ఎక్కడికి ఆగిపోతుందో మీ పుస్తకంలో ఉందా తల్లీ?"

మేడమ్ పుస్తకం తీసి, ఒక నీలం కాగితం దగ్గర తెరిచి, వేలుపెట్టి చదివింది. ఇంకో పేజీ తిప్పింది. ఇవతలి సారుకి తుమ్ము వస్తే రెండు చేతులతో ఆపుకున్నాడు.

"లేదు" అంది చివరికి. "ఎక్కడ ఆగుతుందో రాయలేదు."

ఆకుపచ్చ కాగితాల పుస్తకం తెప్పించి రాసింది. రాస్తూ పైకే చదివింది. "తిరిగి వెళ్ళు కట్టుబడి సామాను. ఒకటి. పరిస్థితి..." నిటారుని కింది నుంచి పైదాకా చూసింది. "వాడినది. గట్టిది."

"పగుళ్ళు ఏమన్నా ఉంటే ఇప్పుడే రాయండి మేడమ్" అన్నాడు ఇవతలి సారు. "తరవాత మేం ఒప్పుకోం."

"నోటి దగ్గర ఉన్నాయి, రాసుకోండి!" అని అరిచింది ఇల్లాలు కంచె దగ్గర నుంచి.

ముద్ర పడింది. పెట్టెలోవాళ్ళు బస్తా దించుకున్నారు. నిటారు మెడ మీంచి దేశమంత బరువు దిగింది. కానీ అతను మేడమ్ ముందే ఆగాడు.

"పరీక్ష, మేడమ్?"

ఇద్దరి బిళ్ళలూ ఆవిడ బల్ల మీద ఉన్నాయి. "బరువు నేలను తాకలేదు. పిండి లెక్క వేరే రాస్తాను. వెనక్కి పోలేదు. కానీ మూడో నిబంధన. ఇద్దరి తలలూ మోయాలి. ఆయన మోయలేదు."

"మోశాను" అన్నాడు బావ.

"లేవలేదు కదా?"

"లేవాలని రాసుందా? మోయాలని రాసుంది. లేవకుండా మోశాను. ఎంతసేపంటారా, మా బావ రెండుసార్లు ఊ అన్నంతసేపు."

మేడమ్ అతని దగ్గరికి నడిచి వెళ్ళి, వంగి, బావ తల చూసింది. నల్లటి జుట్టు నడినెత్తిన అరచేతి మేర తెల్లగా పిండి. చూపుడు వేలితో ముట్టుకుని, వేలు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఆ వేలికి పిండి అంటిందన్నది నిజం, ఆవిడకి నవ్వు వచ్చిందన్నది కూడా నిజమే. కాకపోతే అది రికార్డుకెక్కలేదు.

"ఉత్తీర్ణులు" అని రాసి బిళ్ళలు తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ జోడీ పని కొంచెం మారింది. నిటారు బస్తాతో గీత దగ్గరికి వస్తాడు. బావ తల దూరుస్తాడు, రెండు క్షణాలు మోస్తాడు, లేవడు. నిటారు మళ్ళీ బస్తా పూర్తిగా తన తల మీదికి తీసుకుని గీత దాటి, మిగతా పది అడుగులూ తనే నడుస్తాడు. అటునుంచి సరుకు వచ్చే రోజుల్లో ఖాళీ బుట్ట సరుకు కోసం వెళ్ళినట్టు ఖాళీ తలతో ముందే అటు వెళ్ళి ఎత్తుకొస్తాడు. పొద్దున్నే మేడమ్ ఒక ఆకుపచ్చ కాగితం రాస్తుంది, సాయంత్రం ఇవతలి సారు "సామాను చేరింది" అని సంతకం పెడతాడు. పక్క జోడీలవాళ్ళు కొన్నాళ్ళు ఏడిపించారు. "ఏం బుట్టా, బాగున్నావా?" "గుడ్లెన్ని?" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళలో మోకాళ్ళు పోయినవాడొకడు చాటుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం తనకీ రాస్తారా అని అడిగాడు. తరవాత ఇంకొకడు. వెక్కిరింతలు వాటంతటవే పలచబడ్డాయి.

బరువుతో రెండింతల దూరం నడిచేది నిటారే. సాయంత్రం ఇంటికి వెళితే ఇల్లాలు వేడినీళ్ళ గుడ్డ మెడ మీద వేసి, "ఇవాళ కట్టుబడి ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో?" అని అడిగేది. అతను చెప్పేవాడు కాదు. "మా బావ కూడా ఊరికే కూర్చోడు" అనేవాడు. నిజమే. నడవనక్కర్లేదు కాబట్టి ఇప్పుడు బావ నోటికి బోలెడంత తీరిక. ఒక్కో బస్తాకి ఒక్కో మాట కాస్తా పోయి, నిటారు అటు నడిచినంతసేపూ పక్కనే మెల్లగా నడుస్తూ కబుర్లు చెప్పేవాడు. కండక్టరు అల్లుడు చిల్లర ఇస్తాడని అప్పుడే తేలింది.

పద్నాలుగు నెలల చివరి రోజు వచ్చింది. సాయంత్రం బిళ్ళలు అప్పగించాలి. ఆ రోజు ఆఖరి రైల్లో ఆఖరి మూట మిగిలిందనగా బావ గీతకు కాలివేళ్ళు ఆనించి నిలబడి చెయ్యెత్తాడు.

"బావా, ఇది నేను మోస్తా. పెట్టె దాకా."

"పిచ్చి వేషాలు వెయ్యకు."

"ముప్పై ఏళ్ళ ఆఖరి మూట నీ కాళ్ళతో పోతే నాకేం మిగిలింది? రేపటి నుంచి మనవరాలికి ఏం చెప్పుకోను, తాత రెండు క్షణాల కూలీ అనా?"

"నడుం విరిగితే అది చెప్పుకుందువు గాని."

"విరగనీ, పింఛను రేపటి నుంచి వస్తుందిగా!"

నిటారు అతని మొహం చూశాడు. ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అందించేవాడితో ఏదో గుసగుసలాడాడు. వాడు ముందు కాదన్నాడు, తరవాత నవ్వాడు, లోపలికి వెళ్ళి వెతికి వెతికి ఒక పెద్ద మూట తెచ్చి నెత్తిన పెట్టాడు. మనిషంత వెడల్పు, చూస్తేనే భయమేసే మూట. దాని కింద నిటారు మోకాళ్ళు వణికించుకుంటూ, ఆయాసపడుతూ, కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర కూడా ఎవరూ చూడనంత కష్టంగా పది అడుగులూ నడిచాడు.

నుదుళ్ళు కలిశాయి.

"జాగ్రత్త బావా, చాలా బరువుంది. ఊ."

"హా!"

బావ ఒక్క ఊపున లేచాడు. ఎంత తేలిగ్గా లేచాడంటే రెండు మడమలూ నేల మీంచి ఎగిరాయి. మూట కింద నుంచి అతని కళ్ళు నిటారుని చూశాయి.

"ఏంటి బావా ఇది? దూదా?"

"ఇనుము."

"దూదిరా ఇది!"

"ఇనుమే. నీకు బలం వచ్చింది, పో, రైలు కదులుతుంది."

బావ తిట్టుకుంటూ తిరిగాడు. పదడుగులు నడిచాడు. రెండు వైపులా కూలీలు పని ఆపి చూశారు. దూది మూట అతని తల మీద పెద్ద మబ్బులా ఊగుతూ పోతోంది. పెట్టెలోవాళ్ళు "అమ్మో, ఎంత బరువో!" అని ఇద్దరూ కలిసి మూలుగుతూ దించుకున్నారు. వాళ్ళకెవరు చెప్పారో తెలియదు.

బల్ల దగ్గర మేడమ్ ఆకుపచ్చ కాగితాల పుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది.

"ఈ ఆఖరి దానికి కట్టుబడి సామాను రాలేదేం?" అంది.

"అవసరం పడలేదమ్మా" అన్నాడు బావ, బిళ్ళ విప్పి బల్ల మీద పెడుతూ. "సరుకు గట్టిదే."